గ్రహాంతర బుద్ధిజీవుల కోసం వెతకడం ఎలా: మొదటి లెక్క నుంచి చివరి నివేదిక దాకా

గ్రహాంతర బుద్ధిజీవుల వెతుకులాటనే సెటి అంటారు. ఈ పరిశోధనలో సిగ్నల్ దొరకడం తేలిక. దొరికిన సిగ్నల్ మనది కాదని తేల్చడమే కష్టం. లాస్ ఏంజెలెస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం బృందం సూర్యుడిలాంటి 31 నక్షత్రాల వైపు అమెరికాలోని గ్రీన్‌బ్యాంక్ రేడియో టెలిస్కోప్‌ను తిప్పి, 2021లో ఫలితాలు ప్రచురించింది. వాళ్లకు 2.66 కోట్ల డిటెక్షన్లు వచ్చాయి. వాటిలో 99.84 శాతాన్ని సాఫ్ట్‌వేరే భూమ్మీది రేడియో రొదగా గుర్తించి పక్కన పెట్టేసింది. మిగతావాటిని మనుషులు కూర్చుని చూశారు. ఒక్కటీ నిలబడలేదు.

అందుకే డిష్ ఎటు తిప్పాలో ఆలోచించే ముందే, వచ్చినదాన్ని ఏ కారణంతో కొట్టేస్తారో రాసిపెట్టుకోవాలి. అది లేకుండా మొదలుపెట్టిన వెతుకులాట ఎటూ తేలదు. ఈ మార్గదర్శిలో ఎక్కువ భాగం ఇరుకు రేడియో సిగ్నళ్ల గురించే ఉంటుంది, ఎందుకంటే సొంతంగా చేయదలచినవాళ్లకు డేటా, సాఫ్ట్‌వేర్, సరిచూసుకునే పద్ధతి అన్నీ అందుబాటులో ఉన్న దారి అదొక్కటే. లేజర్లు, పరారుణ వేడి గురించి చివర్లో క్లుప్తంగా చెబుతాం.

అడుగు 1: దేన్ని వెతుకుతున్నారో ఒక్క వాక్యంలో రాసుకోండి

బుద్ధి అనేది టెలిస్కోప్‌కు కనిపించదు. కనిపించేది సాంకేతికత వదిలే ఆనవాలు, అంటే టెక్నోసిగ్నేచర్. రేడియోలో అన్నిటికన్నా స్పష్టమైన ఆనవాలు ఇరుకుదనం. ప్రకృతిలో రేడియో తరంగాలు పుట్టించేవన్నీ వెడల్పాటి ఫ్రీక్వెన్సీ పట్టీల మీద పరుచుకుంటాయి. మనకు తెలిసిన అతి ఇరుకైన సహజ మేజర్ ఉద్గారాలకు (అంతరిక్ష వాయుమేఘాల్లో లేజర్‌లా బలపడే మైక్రోవేవ్‌లకు) కూడా వెడల్పు కొన్ని వందల హెర్ట్జ్ ఉంటుంది. యంత్రం మాత్రం తన శక్తినంతా 1 హెర్ట్జ్‌లోకి కుదించగలదు. కొద్ది హెర్ట్జ్ వెడల్పున్న గీత కనబడితే దాని వెనక ఎక్కడో ఒక ట్రాన్స్‌మిటర్ ఉన్నట్టే లెక్క.

మీ వాక్యం ఇలా ఉండొచ్చు: "1.1–1.9 గిగాహెర్ట్జ్ మధ్య, 3 హెర్ట్జ్‌కు మించని వెడల్పుతో, ఫ్రీక్వెన్సీ సెకనుకు ±4 హెర్ట్జ్ లోపు పక్కకు జరుగుతూ, నక్షత్రం వైపు చూసిన ప్రతిసారీ కనిపించి, పక్కకు తిప్పిన ప్రతిసారీ మాయమయ్యే సిగ్నల్." ఈ అంకెలను డేటా చూశాక మార్చకూడదు. ఆసక్తికరంగా ఏదో కనబడిందని నియమాలను సడలించడం మొదలుపెడితే, రొదలో నుంచి కోరుకున్నదాన్ని బయటికి తీయడం ఎవరికైనా సాధ్యమే.

అడుగు 2: ఫ్రీక్వెన్సీ ఎంచుకోండి

1 గిగాహెర్ట్జ్‌కు కింద మన పాలపుంత తాలూకు రొద పెరుగుతుంది. 10 దాటాక భూవాతావరణంలోని నీటి ఆవిరి, ఆక్సిజన్ అడ్డుపడతాయి. మధ్యలో మిగిలిన కిటికీ ప్రశాంతంగా ఉంటుంది. 1959లో గియుసెప్పే కొకోనీ, ఫిలిప్ మోరిసన్ నేచర్ పత్రికలో హైడ్రోజన్ పరమాణువులు సహజంగా వెలువరించే గీత, అంటే 1420.4 మెగాహెర్ట్జ్ దగ్గర వినమని సూచించారు. మరుసటి ఏడాదే ఫ్రాంక్ డ్రేక్ గ్రీన్‌బ్యాంక్‌లో 26 మీటర్ల డిష్‌తో టౌ సెటి, ఎప్సిలాన్ ఎరిడాని నక్షత్రాలను విన్నాడు. అదే ప్రాజెక్ట్ ఓజ్మా. హైడ్రోజన్ గీతకూ, కాస్త పైనున్న హైడ్రాక్సిల్ గీతలకూ మధ్య ప్రాంతానికి వాటర్ హోల్ అనే పేరు తర్వాత వచ్చింది.

ఈ "మాయా ఫ్రీక్వెన్సీ" వాదనకు ఇప్పుడు అంత బలం లేదు. డ్రేక్ రిసీవర్‌కు ఉన్నది 100 హెర్ట్జ్ వెడల్పున్న ఒకే ఒక్క ఛానల్, కాబట్టి ఎక్కడ వినాలో ఊహించక తప్పలేదు. ఇప్పుడు ఒక్క పరిశీలనలో కోట్ల ఛానళ్లు నమోదవుతాయి. మీ టెలిస్కోప్ ఎక్కడ బాగా పనిచేస్తుందో, అంతరాయం ఎక్కడ తక్కువో చూసి ఎంచుకోండి. 1420కి మిగిలిన అసలు లాభం చట్టపరమైనది: 1400–1427 మెగాహెర్ట్జ్ పట్టీలో అంతర్జాతీయ నిబంధనల ప్రకారం ఎవరూ ప్రసారం చేయకూడదు.

మిగతా పట్టీలో ఎవరెక్కడున్నారో ముందే గుర్తుపెట్టుకోండి. 1090 దగ్గర విమానాల ట్రాన్స్‌పాండర్లు, 1227.6, 1575.42 దగ్గర జీపీఎస్, 1602 చుట్టుపక్కల గ్లోనాస్, 1616–1626.5 మధ్య ఇరిడియం ఉపగ్రహాలు. గ్రీన్‌బ్యాంక్ ఎల్-బ్యాండ్ (1–2 గిగాహెర్ట్జ్ పట్టీ) రిసీవర్‌లో 1.2–1.34 గిగాహెర్ట్జ్‌ను ఒక నాచ్ ఫిల్టర్ కోసేస్తుంది. ఆ భాగంలో ఏమీ దొరకలేదని రాస్తే తప్పుడు మాటే అవుతుంది, మీరు అక్కడ వినలేదు కాబట్టి.

అడుగు 3: ఏ నక్షత్రాలు?

దగ్గరివి ముందు. దూరం రెట్టింపైతే కావలసిన ట్రాన్స్‌మిటర్ శక్తి నాలుగు రెట్లవుతుంది. ఐరోపా గయా వ్యోమనౌక కొలతలతో తయారైన గయా కేటలాగ్‌లో దూరాలు కచ్చితంగా ఉంటాయి, అక్కడి నుంచి జాబితా తీయండి.

దూరం తర్వాత చూడదగ్గది జ్యామితి. మన భూమి సూర్యుడి ముందు నుంచి దాటడం కనిపించే నక్షత్రాలు క్రాంతివృత్తం (ఆకాశంలో సూర్యుడు నడిచే దారి) చుట్టూ అర డిగ్రీ వెడల్పున్న సన్నటి పట్టీలో ఉంటాయి. అక్కడివాళ్లకు మన గ్రహం ఉనికి తెలిసే అవకాశం ఎక్కువ. 2021లో లీసా కాల్టెనెగ్గర్, జాకీ ఫాహర్టీ లెక్కగట్టిన ప్రకారం 326 కాంతి సంవత్సరాల లోపు 2,034 నక్షత్రాలు ఈ పట్టీలో ఉన్నాయి, గత 5,000 ఏళ్లలో ఉండి పోయినవీ, రాబోయే 5,000 ఏళ్లలో వచ్చేవీ కలిపి. ఇంకో ఉపాయం, అక్కడి రెండు గ్రహాలు మనకు ఒకే వరుసలోకి వచ్చే సమయంలో వినడం. ఒక గ్రహం నుంచి మరో గ్రహానికి పంపిన ప్రసారం ఆ గ్రహాన్ని దాటి చిమ్మి మనవైపు రావచ్చు. ఏడు గ్రహాలున్న ట్రాపిస్ట్-1ను అలెన్ టెలిస్కోప్ అరే ఇలాగే 28 గంటలు విన్నది.

"నివాసయోగ్య మండలం" అనే వడపోతను మాత్రం మరీ బిగించకండి. ట్రాన్స్‌మిటర్ పుట్టిన గ్రహం మీదే ఉండాలన్న నియమం లేదు. పైగా ఒక్క డిష్ కిరణంలో, అంటే అది ఒకేసారి వినే ఆకాశపు ముక్కలో, మీ నక్షత్రంతో పాటు వెనకున్న ఎన్నో నక్షత్రాలు పడతాయి. వాటినీ గయా నుంచి తీసి జాబితాలో చేర్చుకోండి, ఖర్చేమీ లేదు.

అడుగు 4: ఎంత బలమైన ట్రాన్స్‌మిటర్ మీకు వినబడుతుంది?

ఈ లెక్క వేయకుండా పరికరాల జోలికి వెళ్లొద్దు. సూత్రం చిన్నదే:

కనిష్ఠ ఫ్లక్స్ = ఎస్ఎన్ఆర్ × ఎస్ఈఎఫ్‌డీ × √(ఛానల్ వెడల్పు ÷ (ధ్రువణాల సంఖ్య × సెకన్లు))

ఫ్లక్స్ అంటే చదరపు మీటరు మీద పడే శక్తి. ఎస్ఎన్ఆర్ అంటే రొదకు సిగ్నల్ ఎన్ని రెట్లుండాలన్నది. ధ్రువణాలంటే రిసీవర్ విడివిడిగా పట్టే తరంగ కంపన దిశలు. ఎస్ఈఎఫ్‌డీ టెలిస్కోప్ సొంత రొదను జాన్‌స్కీల్లో చెబుతుంది. ఒక జాన్‌స్కీ అంటే చదరపు మీటరుకు, హెర్ట్జ్‌కు 10⁻²⁶ వాట్లు. గ్రీన్‌బ్యాంక్ 100 మీటర్ల టెలిస్కోప్‌కు ఎల్-బ్యాండ్‌లో ఇది సుమారు 10. ఎస్ఎన్ఆర్ 10, ఛానల్ 2.8 హెర్ట్జ్, రెండు ధ్రువణాలు, 300 సెకన్లు వేస్తే వర్గమూలం విలువ 0.068, ఫ్లక్స్ చదరపు మీటరుకు 6.8 × 10⁻²⁶ వాట్లు వస్తుంది.

దాన్ని 4 × 3.1416 × దూరం² తో గుణిస్తే అన్ని దిక్కులకూ సమానంగా చిమ్మే ట్రాన్స్‌మిటర్‌కు కావలసిన శక్తి తెలుస్తుంది. దీన్నే ఈఐఆర్‌పీ అంటారు. 10 కాంతి సంవత్సరాలకు (9.46 × 10¹⁶ మీటర్లు) సుమారు 770 కోట్ల వాట్లు, 100 కాంతి సంవత్సరాలకు దానికి వంద రెట్లు. పోల్చి చూడటానికి మన దగ్గరే ఒక కొలబద్ద ఉండేది. 2020లో కూలిపోయిన అరెసిబో డిష్ తన రాడార్ కిరణాన్ని అతి సన్నగా కూర్చి పంపేది కాబట్టి, ట్రాన్స్‌మిటర్ మెగావాట్ స్థాయిదే అయినా ఈఐఆర్‌పీ సుమారు 2 × 10¹³ వాట్లు. అలాంటిది మనవైపే గురిపెట్టి ఉంటే గ్రీన్‌బ్యాంక్‌కు 500 కాంతి సంవత్సరాల దూరం నుంచి కూడా వినబడుతుంది.

ఇప్పుడు అదే లెక్క 1 మీటరు డిష్‌కు వేయండి. సిస్టమ్ ఉష్ణోగ్రత (పరికరం మొత్తం రొదను ఉష్ణోగ్రతగా చెప్పే అంకె) 150 కెల్విన్, సామర్థ్యం 50 శాతం అనుకుంటే ఎస్ఈఎఫ్‌డీ సుమారు 10 లక్షల జాన్‌స్కీలు. ఒకే ధ్రువణంతో, 10 కాంతి సంవత్సరాల దూరానికే 10¹⁵ వాట్లు కావాలి, అంటే అరెసిబో రాడార్‌కు 50 రెట్లు. చిన్న డిష్‌తో నక్షత్రాలను వెతుకుతామని చెప్పేవాళ్లలో చాలామంది ఈ లెక్క చేసి ఉండరు.

అడుగు 5: దారి ఎంచుకోండి: పబ్లిక్ డేటా, లేదా సొంత డిష్

నిజంగా వెతకాలనుకుంటే మొదటి దారి పట్టండి. 2015లో మొదలైన బ్రేక్‌త్రూ లిజెన్ అనే సెటి కార్యక్రమం గ్రీన్‌బ్యాంక్, ఆస్ట్రేలియాలోని పార్క్స్ టెలిస్కోపుల డేటాను అందరికీ అందుబాటులో పెట్టింది. దాని ఫైన్-రిజల్యూషన్ ఫైళ్లలో ఛానల్ వెడల్పు 2.79 హెర్ట్జ్, కాల విరామం 18.25 సెకన్లు. ఐదు నిమిషాల పరిశీలనలో 16 వరుసలుంటాయి. 800 మెగాహెర్ట్జ్ పట్టీ అయితే ఒక్కో ఫైలు సుమారు 18 గిగాబైట్లు, ఒక నక్షత్రానికి ఆరు ఫైళ్లు కాబట్టి 110 గిగాబైట్ల జాగా ముందే చూసుకోండి.

సొంత డిష్ దారి నేర్చుకోవడానికి పనికొస్తుంది. కనీస సామగ్రి ఇది:

- 1 నుంచి 3 మీటర్ల జాలీ డిష్. 1 మీటరుకు కిరణం వెడల్పు 15 డిగ్రీలు, 3 మీటర్లకు 5 డిగ్రీలు.
- 1420కి సరిపడే ఫీడ్ (డిష్ కూర్చిన తరంగాలను పట్టే యాంటెన్నా), దానికి ఆనుకునే ఫిల్టర్ ఉన్న లో-నాయిస్ యాంప్లిఫయర్.
- ఉష్ణోగ్రత సవరణ ఉన్న క్రిస్టల్‌తో ఆర్‌టీఎల్-ఎస్‌డీఆర్ రిసీవర్, అంటే కంప్యూటర్‌కు తగిలించే చవకైన యూఎస్‌బీ రేడియో. సెకనుకు 24 లక్షల శాంపిళ్లు దాటించకండి, ఆపైన శాంపిళ్లు జారిపోతాయి.
- గంటకు 17 గిగాబైట్ల చొప్పున రా డేటా రాసుకోగల డిస్క్.

యాంప్లిఫయర్ ఫీడ్ దగ్గరే ఉండాలి. దానికి ముందు 3 డెసిబెల్ నష్టమున్న కేబుల్ పెడితే ఆ కేబులే 290 కెల్విన్ల రొద చేర్చుతుంది, ఆ తర్వాత ఎంత ఖరీదైన యాంప్లిఫయర్ పెట్టినా తిరిగిరాదు. బిగించాక డిష్‌ను ఒకసారి నేలకు, ఒకసారి ఖాళీ ఆకాశానికి చూపించండి. తేడా 4–5 డెసిబెల్ ఉంటే అంతా సవ్యంగా ఉంది. 2 కన్నా తక్కువైతే యాంప్లిఫయర్‌కు కరెంటు అందడం లేదో, కనెక్టర్‌లో నీరు చేరిందో, బలమైన స్థానిక ప్రసారం రిసీవర్‌ను ఉక్కిరిబిక్కిరి చేస్తోందో చూడండి. ఆ తర్వాత పాలపుంత మీదికి తిప్పితే 1420.4 దగ్గర కొన్ని వందల కిలోహెర్ట్జ్ వెడల్పున హైడ్రోజన్ దిబ్బ లేవాలి. అది లేవకపోతే ముందుకు వెళ్లొద్దు.

10,48,576 బిందువుల ఎఫ్ఎఫ్‌టీ (సిగ్నల్‌ను ఫ్రీక్వెన్సీలుగా విడగొట్టే లెక్క) చేస్తే ఛానల్ 2.29 హెర్ట్జ్ వస్తుంది, ఒక్కో స్పెక్ట్రానికి 0.44 సెకన్లు. 40 స్పెక్ట్రాలను కలిపితే 17.5 సెకన్ల వరుస తయారు. ట్యూనింగ్ కేంద్రం దగ్గర ఎప్పుడూ ఒక నకిలీ ముల్లు నిలబడుతుంది, కాబట్టి మీకు కావలసిన ఫ్రీక్వెన్సీ నుంచి 200 కిలోహెర్ట్జ్ పక్కకు ట్యూన్ చేయండి. ఇంకో పరీక్ష తప్పనిసరి: డిష్ తీసేసి 50 ఓమ్ టెర్మినేటర్ పెట్టి గంటసేపు రికార్డు చేయండి. అప్పుడూ కనబడే గీతలన్నీ మీ కంప్యూటర్, మీ యూఎస్‌బీ, మీ క్రిస్టల్ పుట్టించినవే. ఆ జాబితా దాచుకోండి.

క్రిస్టల్ మరో విధంగానూ మోసం చేస్తుంది. పది లక్షలకు ఒక వంతు తప్పు అంటే ఇక్కడ 1,420 హెర్ట్జ్. రాత్రి చల్లబడుతుంటే ఆ తప్పు నెమ్మదిగా మారి, సెకనుకు 0.1 హెర్ట్జ్ జరుగుడుగా కనబడవచ్చు. గ్రహం తిరగడం వల్ల వచ్చే డాప్లర్ (కదలికతో ఫ్రీక్వెన్సీ మారడం) కూడా అచ్చంగా ఇలాగే ఉంటుంది. జీపీఎస్‌కు కట్టిన ఆసిలేటర్ పెడితే ఈ గొడవ తీరుతుంది.

అడుగు 6: చూసే వరుస

ఏ-బీ-ఏ-సీ-ఏ-డీ. నక్షత్రాన్ని ఐదు నిమిషాలు, పక్కనున్న మరో చోటును ఐదు నిమిషాలు, మళ్లీ నక్షత్రాన్ని, మళ్లీ వేరే చోటును, ఇలా ఆరుసార్లు. మొత్తం అరగంట, డిష్ తిరిగే సమయం అదనం. నక్షత్రం నుంచి వచ్చేదైతే "ఏ" అనే మూడింటిలోనూ ఉండాలి, మిగతా మూడింటిలో ఉండకూడదు. స్థానిక రొద డిష్ పక్క లోబుల (గురిపెట్టని దిక్కుల నుంచి కూడా కాస్త వినబడే దారుల) గుండా లోపలికి వస్తుంది కాబట్టి ఆరింటిలోనూ కనబడుతుంది. పక్క చోట్లు కనీసం కొన్ని కిరణాల వెడల్పు దూరంలో ఉండాలి, లేకపోతే బలమైన నిజమైన సిగ్నల్ అక్కడా కనబడి, మీ నియమం ప్రకారమే దాన్ని మీరు కొట్టేస్తారు.

ఈ వరుసకు ఒక లోపం ఉంది. ఐదు నిమిషాలు వెలిగి ఐదు నిమిషాలు ఆరే భూసంబంధ యంత్రం కాకతాళీయంగా కుదిరితే వడపోత దాటేస్తుంది. రెండు దూర ప్రాంతాల నుంచి ఒకేసారి వినడం దీనికి మందు. ఐర్లాండ్, స్వీడన్‌లోని లోఫార్ రేడియో టెలిస్కోప్ స్టేషన్లను ఇలా జతగా వాడారు. స్థానిక రొద రెండు చోట్లా ఒకటే ఉండదు, పైగా ఆకాశం నుంచి వచ్చేదానికి రెండు చోట్లా డాప్లర్ వేరువేరుగా, ముందే లెక్కగట్టగలిగేలా ఉంటుంది.

అడుగు 7: జరుగుడును వెతకండి

భూభ్రమణం వల్లే 1420 మెగాహెర్ట్జ్ దగ్గర సిగ్నల్ సెకనుకు గరిష్ఠంగా 0.16 హెర్ట్జ్ జరుగుతుంది. ఇది ఫ్రీక్వెన్సీతో పాటు పెరుగుతుంది. అవతలి గ్రహం కదలిక దానికి తోడు. ఏమాత్రం జరగని గీత మీతో పాటే తిరుగుతోందన్నమాట, అంటే అది నేలమీదిది. సున్నా జరుగుడును మొదటే కొట్టేయండి.

ముందు అభ్యాసం. వోయేజర్ 1 సిగ్నల్ ఉన్న గ్రీన్‌బ్యాంక్ ఫైలును బ్రేక్‌త్రూ లిజెన్ ఉచితంగా ఇస్తుంది. ఆ ఫైళ్లు చదివే బ్లింపీ సాఫ్ట్‌వేర్‌తో తెరిచి 8.4 గిగాహెర్ట్జ్ దగ్గర వాటర్‌ఫాల్ ప్లాట్ (కాలంతో ఫ్రీక్వెన్సీ ఎలా మారిందో చూపే పటం) వేస్తే మధ్యలో క్యారియర్ (మూల తరంగం), రెండు పక్కలా సమాచారం మోసే సైడ్‌బ్యాండ్లు ఏటవాలు గీతలుగా కనబడతాయి. 2,000 కోట్ల కిలోమీటర్ల దూరం నుంచి 20 వాట్ల చిల్లర ట్రాన్స్‌మిటర్ పంపినది! జరిగే గీతలను వెతికే టర్బోసెటి సాఫ్ట్‌వేర్‌తో నడిపితే ఈ మూడూ మూడు హిట్లుగా రావాలి.

అసలు డేటాకు ఎస్ఎన్ఆర్ 10, జరుగుడు సెకనుకు ±4 హెర్ట్జ్ పెట్టి మొదలుపెట్టండి. ఆ తర్వాత ఆరు ఫైళ్ల హిట్లను కలిపి, టర్బోసెటిలోని మూడో స్థాయి వడపోత వేస్తే "ఏ" మూడింటిలోనూ ఉండి పక్క చోట్లలో లేనివి మాత్రమే మిగులుతాయి. రెండో స్థాయి ఒక్క "ఏ"లో కనబడినా చాలంటుంది, దాంతో చేతికందని పొడవు జాబితా వస్తుంది.

ఎస్ఎన్ఆర్ 10 దాటినవాటిలో యాదృచ్ఛిక రొద దాదాపు ఉండదు. అవి దాదాపు అన్నీ నిజమైన సిగ్నళ్లే, కానీ భూమ్మీది యంత్రాలు కావాలనో, అనుకోకుండానో వదిలినవే ఎక్కువ.

ఇక్కడ చాలామంది గమనించని చిక్కు ఒకటుంది. 2.79 హెర్ట్జ్ ఛానల్‌ను 18.25 సెకన్లతో భాగిస్తే 0.15. సిగ్నల్ అంతకన్నా వేగంగా జరిగితే ఒక్క వరుస పూర్తయ్యేలోపే పక్క ఛానల్‌లోకి చిమ్ముతుంది. సెకనుకు 4 హెర్ట్జ్ దగ్గర దాని శక్తి దాదాపు 26 ఛానళ్లలో పలచబడుతుంది. "±4 దాకా వెతికాం" అని రాసి, సున్నా దగ్గరి సున్నితత్వాన్ని మొత్తానికి అంటగట్టడం సాధారణంగా జరిగే తప్పు. సెట్‌జెన్ అనే పనిముట్టుతో తెలిసిన బలం, తెలిసిన జరుగుడు ఉన్న కొన్ని వందల కృత్రిమ సిగ్నళ్లను మీ అసలు డేటాలో కలిపి, ఎన్ని తిరిగి దొరికాయో లెక్కపెట్టండి. ఆ శాతాన్ని నివేదికలో జరుగుడు వారీగా ఇవ్వండి.

మెషిన్ లెర్నింగ్ కూడా వచ్చింది. 2023లో పీటర్ మా బృందం 820 నక్షత్రాల పాత డేటాను న్యూరల్ నెట్‌వర్క్‌తో మళ్లీ చూసి, ముందటి పద్ధతికి చిక్కని 8 ఆసక్తికర సిగ్నళ్లను తీసింది. అవే నక్షత్రాలను తిరిగి వింటే ఏదీ మళ్లీ రాలేదు.

అడుగు 8: మిగిలినదాన్ని చంపడానికి ప్రయత్నించండి

ఈ దశకు అన్నిటికన్నా మంచి పాఠం బీఎల్‌సీ1. 2019 ఏప్రిల్ 29న పార్క్స్ టెలిస్కోప్ ప్రాక్సిమా సెంటారీ వైపు చూస్తుండగా 982.002 మెగాహెర్ట్జ్ దగ్గర ఇరుకైన గీత నమోదైంది. అది గంటల తరబడి ఉంది. సున్నా కాని జరుగుడు ఉంది. నక్షత్రం వైపు చూసినప్పుడు మాత్రమే కనిపించింది. ఆ ఫ్రీక్వెన్సీలో తెలిసిన ప్రసారమేదీ లేదు. అన్ని వడపోతలూ దాటేసింది.

సోఫియా షేక్ బృందం దాన్ని ఇలా తేల్చింది. అదే డేటాలో, వేరే ఫ్రీక్వెన్సీల దగ్గర, అదే రూపంలో జరిగే గీతలున్నాయా అని వెతికారు. సుమారు 60 దొరికాయి. వాటిలో కొన్ని నక్షత్రం నుంచి పక్కకు తిప్పినప్పుడూ ఉన్నాయి. వాటి మధ్య ఎడాలు చూస్తే సాధారణ ఎలక్ట్రానిక్ గడియారాల ఫ్రీక్వెన్సీలకు గుణిజాలుగా ఉన్నాయి. అంటే ఏవో యంత్రాల ఆసిలేటర్లు ఒకదానితో ఒకటి కలిసి పుట్టించిన ఇంటర్‌మాడ్యులేషన్ గీతలు. వాటిలో బీఎల్‌సీ1 ఒకటి, దాని పక్క చోటు రికార్డింగులో అది గుర్తింపు హద్దుకు కిందికి పడిపోయింది, అంతే.

మీ క్యాండిడేట్‌కూ ఇదే క్రమం పాటించండి. పక్క చోటు ప్లాట్లను సాఫ్ట్‌వేర్ తీర్పుతో వదిలేయకుండా కళ్లతో చూడండి. ఎస్ఎన్ఆర్ 8 దగ్గర మసకగా ఉందేమో. పట్టీ మొత్తంలో జరుగుడు ఒకేలా ఉన్న కవలలను వెతకండి. ఎడాలను 10, 25, 28.8 మెగాహెర్ట్జ్ లాంటి సాధారణ క్రిస్టల్ విలువలతో, వాటి కూడికలు, తేడాలతో పోల్చండి. ఆ క్షణంలో కిరణానికి దగ్గరగా ఏ ఉపగ్రహాలున్నాయో కక్ష్యల పట్టికల నుంచి తీయండి. అదే నక్షత్రాన్ని చూసిన ఇతర రోజుల డేటాలోనూ, వేరే నక్షత్రాలను చూసిన రోజుల్లోనూ ఆ ఫ్రీక్వెన్సీని తనిఖీ చేయండి. చివరగా భూమి కదలిక తీసేసి సౌరకుటుంబ గురుత్వకేంద్రం లెక్కలోకి మార్చినప్పుడు జరుగుడు మరింత సరళమవుతుందో, మెలికలు తిరుగుతుందో చూడండి. అసలైన దూరపు సిగ్నల్ అయితే భూమి వాటా దానిలో తప్పక ఉండాలి.

నేరస్తుడు ఎంత దగ్గర్లో ఉండొచ్చో చెప్పడానికి పార్క్స్‌లోనే మరో ఉదాహరణ ఉంది. పెరిటాన్లు అని పిలిచిన చిత్రమైన మెరుపులు ఏళ్ల తరబడి అక్కడ నమోదయ్యాయి. 2015లో కారణం తేలింది: అబ్జర్వేటరీలోని మైక్రోవేవ్ ఓవెన్ ఆగకముందే ఎవరో తలుపు తెరవడం.

1977 ఆగస్టు 15న ఒహాయో స్టేట్ విశ్వవిద్యాలయపు బిగ్ ఇయర్ రేడియో టెలిస్కోప్ పట్టిన 72 సెకన్ల "వావ్" సిగ్నల్ ఇంకా తేలలేదంటే కారణం కూడా పద్ధతిలోనే ఉంది. మిగిలింది 10 కిలోహెర్ట్జ్ ఛానళ్ల తీవ్రతను అచ్చేసిన కాగితం ఒక్కటే. జరుగుడు కొలవడానికీ లేదు, సన్నటి నిర్మాణం చూడటానికీ లేదు. రెండు ఫీడ్‌లలో ఒకదానిలోనే కనబడింది, మళ్లీ రాలేదు. క్యాండిడేట్ కనబడిన నిమిషం చుట్టూ రా వోల్టేజీ డేటా దాచడం అందుకే అవసరం.

లేజర్లు, వేడి

లేజర్ మెరుపుల వాదన చక్కనిది. నక్షత్రం నుంచి మీ అద్దం మీద సెకనుకు లక్ష ఫోటాన్లు పడుతున్నా, ఏదో ఒక నానోసెకనులో ఒక ఫోటాన్ పడే అవకాశం 10,000లో ఒకటే. ఒకే నానోసెకనులో గుంపుగా వచ్చి పడితే అది నక్షత్రం పని కాదు. కాంతిని చీల్చి రెండు, మూడు డిటెక్టర్లకు పంపి, అన్నీ ఒకేసారి పలికినప్పుడే నమోదు చేయాలి. ఒక్క డిటెక్టర్‌తో చేస్తే దాని సొంత విద్యుత్ మెరుపులతోనే రాత్రి గడిచిపోతుంది. కాస్మిక్ కిరణాలు వాతావరణంలో పుట్టించే చెరెంకోవ్ మెరుపులు మాత్రం అన్ని డిటెక్టర్లనూ ఒకేసారి మోసం చేస్తాయి. వాటిని వేరు చేయాలంటే దూరంగా రెండో టెలిస్కోప్ ఉండాల్సిందే.

వేడి వెతుకులాటకు పరికరమే అక్కర్లేదు, కేటలాగులు చాలు. 1960లో ఫ్రీమన్ డైసన్ చెప్పినట్టు, నక్షత్రం శక్తిని వాడుకునే నాగరికత చివరికి దాన్ని వేడిగా వదలాలి. 300 కెల్విన్ దగ్గర ఆ వేడి 10 మైక్రాన్ల చుట్టూ వెలుగుతుంది. గయాను 2మాస్, వైజ్ అనే పరారుణ సర్వేల కేటలాగులతో జతచేసి, 12, 22 మైక్రాన్ల దగ్గర ఉండాల్సినదానికన్నా ఎక్కువ మెరిసే మామూలు నక్షత్రాలను వడకట్టండి. ధూళి చుట్టుకున్న పసి నక్షత్రాలు ముందు పోవాలి. 22 మైక్రాన్ల వద్ద వైజ్ చిత్రం 12 ఆర్క్‌సెకన్ల మసక కాబట్టి, వెనకున్న ధూళి గెలాక్సీ కూడా నక్షత్రంలో కలిసిపోతుంది. 2024లో ఇలాంటి వేడి కోసమే వెతికే ప్రాజెక్ట్ హెఫైస్టోస్ దాదాపు 50 లక్షల నక్షత్రాల నుంచి తీసిన ఏడు క్యాండిడేట్లలో కొన్నిటి దగ్గర రేడియో మూలాలు బయటపడి ఈ అనుమానమే బలపడింది.

అడుగు 9: అన్నీ దాటి ఏదైనా నిలబడితే

ముందు ఎవరికీ చెప్పకండి, మళ్లీ వినండి. తర్వాత వేరే టెలిస్కోప్, వేరే రిసీవర్, వేరే సాఫ్ట్‌వేర్ ఉన్న బృందానికి ఫ్రీక్వెన్సీ, జరుగుడు, ఆకాశ స్థానం ఇచ్చి, మీ ఫలితం చెప్పకుండా వెతకమనండి. అంతర్జాతీయ వ్యోమయాన అకాడమీ 1989లో రూపొందించి, 2010లో సవరించిన నియమావళి ఇదే వరుస చెబుతుంది: నిర్ధారణ, ఇతర పరిశోధకులకు సమాచారం, డేటాతో సహా బహిరంగ ప్రకటన. అంతర్జాతీయ సంప్రదింపులు లేకుండా జవాబు పంపకూడదన్నది అందులోని మరో నియమం. ప్రకటించేటప్పుడు సిగ్నల్ ఎంత ముఖ్యమో, ఎంత నమ్మదగ్గదో చెప్పే, 0 నుంచి 10 దాకా ఉండే రియో స్కేల్ విలువ ఇస్తే విలేకరులకూ కొలమానం దొరుకుతుంది.

అడుగు 10: ఏమీ దొరకలేదని రాయడం

దాదాపు ఎప్పుడూ రాయాల్సింది ఇదే, కాబట్టి సరిగ్గా రాయండి. "అక్కడ ఎవరూ లేరు" అనడానికి మీ దగ్గర ఆధారం లేదు. రాయగలిగింది: ఈ నక్షత్రాల వైపు, ఈ తేదీల్లో, ఈ పట్టీలో (కోసేసిన భాగాలు మినహాయించి), ఈ జరుగుడు పరిధిలో, ఫలానా ఈఐఆర్‌పీకి మించి నిరంతరం ప్రసారం చేసే ఇరుకు ట్రాన్స్‌మిటర్ మనవైపు లేదు. అరగంట విని, రోజుకొక్కసారి కొన్ని నిమిషాలు మాత్రమే మనవైపు తిరిగే కిరణాన్ని మినహాయించలేరు. దానికోసం కాలవ్యవధిని కూడా అంకెల్లో పెట్టండి.

2018లో జేసన్ రైట్ బృందం దిక్కు, ఫ్రీక్వెన్సీ, సున్నితత్వం, వెడల్పు, కాలం లాంటి కొలతలన్నీ కలిపి, అప్పటిదాకా జరిగిన రేడియో వెతుకులాట ఎంత భాగమో లెక్కగట్టింది. భూమ్మీది సముద్రాలన్నిటితో పోలిస్తే ఒక చిన్న ఈత కొలను నీళ్లంత. మీ పరిశీలన ఆ లెక్కలో ఎంత చేర్చిందో చూపాలంటే పై అంకెలన్నీ పట్టికలో ఉండాలి. హిట్ల పూర్తి జాబితా, కొట్టేసిన కారణాల కాలమ్‌తో సహా, పేపర్‌తో పాటే విడుదల చేయండి. రేపు ఎవరికైనా అదే ఫ్రీక్వెన్సీలో అనుమానాస్పద గీత కనబడితే మొదట వెతికేది మీ పట్టికలోనే.